మోటోజీపీ అంతా ఇష్టమే, ఆ గాలి రూలొక్కటే మింగుడుపడటం లేదు

మోటోజీపీ మోటార్‌సైకిల్ రేసుల్లో ఏ టీమ్‌లో ఎవరున్నారు, ఏ బండికి ఎంత హార్స్‌పవర్ ఉంది అనేవి ఇది చదివేవాళ్లందరికీ తెలిసినవే. వాటి జోలికి పోను. ఏళ్లుగా ప్రతి సీజన్‌నూ వెంటబడి చూసిన నేను రాయాలనుకుంటున్నది ఒక్క రూలు గురించి. ముందు టైరులో గాలి కనీసం ఇంత ఉండాలన్న రూలు. రేసు ముగిసి, జెండా ఊపేసి, గెలిచినవాళ్లు పోడియం (మొదటి ముగ్గురు నిలబడే వేదిక) ఎక్కి దిగాక కూడా ఫలితాన్ని తారుమారు చేసే రూలు అది. ఈ ఆటలో దీనిమీద ఉన్నంత కోపం నాకు వేరే దేనిమీదా లేదు.

నల్గొండలో హైదరాబాద్ రోడ్డు మీద మా బావకు టైర్ల షాపు ఉంది. పంక్చర్లు వేయడం, టైర్లు మార్చడం, గాలి కొట్టడం. రేసులు ఎక్కువగా అక్కడే చూస్తాం, గోడకున్న చిన్న టీవీకి ఫోన్ కలిపి. కాబట్టి గాలి లెక్క మాకు కొత్తేమీ కాదు. మామూలు వంద సీసీ బండి ముందు టైరుకు 25 పీఎస్ఐ కొడతాం. మోటోజీపీలో ముందు టైరుకు కనీసం ఉండాల్సింది 1.80 బార్, అంటే 26 పీఎస్ఐ చిల్లర. గంటకు 350 కిలోమీటర్లు దాటే బండిలోనూ, ఊళ్లో పాలు పోసొచ్చే బండిలోనూ దాదాపు అదే అంకె. మొదటిసారి చెప్పినప్పుడు బావ నమ్మలేదు. గాలి మీటరు చేతిలోకి తీసుకుని, నూనె మరకలు బొటనవేలితో తుడిచి, లోపలి వరుసలో ఉన్న బార్ అంకెల మీద ముల్లు ఎక్కడ ఆగుతుందో చూసుకున్నాకే తలూపాడు.

ఒక తేడా ఉంది. మనం కొలిచేది చల్లటి టైరును. వాళ్లు కొలిచేది పరుగులో వేడెక్కిన టైరును, లోపలున్న సెన్సర్‌తో, ల్యాపు ల్యాపుకూ, అంటే ట్రాక్ చుట్టూ తిరిగే ప్రతి చుట్టుకూ. మే నెలలో నకిరేకల్ నుంచి హైవే మీద వచ్చిన బండి టైరు ముట్టుకుని చూడండి, చెయ్యి పెట్టలేరు. మీటరు పెడితే పొద్దున కొట్టినదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అక్కడా జరిగేది ఇదే, కాకపోతే చాలా ఎక్కువగా. ముందు వెళ్తున్న బండిని ఆనుకుని పోతే ఆ వేడిగాలంతా వెనకవాడి ముందు టైరుకు కొడుతుంది, లోపలి గాలి పెరుగుతుంది. ఎవరూ ముందు లేకుండా ఒంటరిగా పోతే టైరు చల్లబడి గాలి తగ్గుతుంది. అందుకని మనవాడు గుంపులో ఇరుక్కుంటాడా, ముందుకు దూసుకుపోతాడా అన్నది టీమ్ ముందే ఊహించి గాలి పెట్టాలి. ఎక్కువ పెడితే టైరు ఉబ్బి గ్రిప్ పోతుంది, బ్రేకు పట్టగానే ముందు చక్రం జారుతుంది. తక్కువ పెడితే రూలు పట్టుకుంటుంది. ఆదివారం రేసులో 60 శాతం ల్యాపుల్లో, శనివారం జరిగే చిన్న రేసు స్ప్రింట్‌లో 30 శాతం ల్యాపుల్లో ఆ కనీస గాలి ఉండాలి. లేకపోతే ఆదివారం 16 సెకన్లు, శనివారం 8 సెకన్లు అతని రేసు సమయానికి కలుపుతారు.

రూలు ఎందుకు వచ్చిందో తెలుసు, దాన్ని తప్పుపట్టను. రెక్కలు, బండిని కిందికి దించే పరికరాలు వచ్చాక ముందు టైరు మీద భారం బాగా పెరిగింది. గ్రిప్ కోసం టీమ్‌లు గాలి తగ్గిస్తూ పోతే టైరు గోడలు ఎక్కువగా ముడుచుకుని దెబ్బతింటాయి. గాలి తక్కువైన టైరుతో లోడు కొట్టి, పక్క గోడ చీలిపోయి మా షాపుకు వచ్చే ఆటోలను చూస్తూనే ఉంటాం. 2023 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్‌లో ఈ రూలును అమలు చేయడం మొదలుపెట్టినప్పుడు కొంచెం మెత్తగానే మొదలుపెట్టారు. కనీసం 1.88 బార్ అన్నారు, మొదటిసారి దొరికితే హెచ్చరికతో వదిలేశారు. 2024లో అంకెను 1.80కి తగ్గించి, శిక్షను పెంచారు. అప్పుడు బాగానే ఉందన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

నా మనసు విరిగింది 2025 ఏప్రిల్ 13న, ఖతార్ రేసు రాత్రి.

మనకు పదిన్నర దాటాక రేసు. షటర్ సగం దించి లోపల కూర్చున్నాం. బావ, నేను, షాపులో పనిచేసే తమ్ముడు. ఆ పిల్లవాడికి రైడర్ మావెరిక్ విన్యాలెస్ అంటే ప్రాణం. పానాల డబ్బా మూత మీద అతని 12 నంబరు స్టిక్కర్ కూడా అంటించుకున్నాడు. ఆ ఏడాదే విన్యాలెస్ కేటీఎంకు మారాడు, టెక్ త్రీ టీమ్‌లోకి. కేటీఎం కంపెనీ అప్పుల్లో కూరుకుని, అసలు రేసుల్లో ఉంటుందా ఊడుతుందా అని అందరూ మాట్లాడుకుంటున్న రోజులు. కేటీఎం డ్యూక్ బండ్లు నడిపే పిల్లలు మా షాపుకు చాలామంది వస్తారు, వాళ్లకూ అదే దిగులు. అలాంటి సమయంలో విన్యాలెస్ ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి మార్క్ మార్కెజ్‌నే దాటేశాడు. కొన్ని ల్యాపులపాటు రేసును లీడ్ చేశాడు! తమ్ముడు టైర్ల దొంతర మీదికి ఎక్కి నిలబడ్డాడు. రాత్రిపూట అరవొద్దని చెప్పాల్సిన బావే ముందు అరిచాడు. మార్కెజ్ మళ్లీ ముందుకు పోయినా ఎవరికీ బాధ అనిపించలేదు, అతని వేగం అలాంటిది. విన్యాలెస్ రెండో స్థానంలో గీత దాటాడు. పోడియం ఎక్కి నవ్వాడు. తమ్ముడు ఆ ఫొటో స్టేటస్ పెట్టుకున్నాడు. షటర్ దించి ఇళ్లకు పోయాం.

పొద్దున షాపు తెరిచే వేళకే తమ్ముడు ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అన్నా, గిదేంది? పద్నాలుగు అని చూపిస్తుంది." గాలి తక్కువ తేలింది, 16 సెకన్లు కలిపారు. రెండో స్థానం పద్నాలుగైంది, 20 పాయింట్లు 2 అయ్యాయి. పోడియం మీదే లేని మొర్బిడెల్లి మూడో స్థానానికి వచ్చాడు. తమ్ముడు ఇంకేమీ అనలేదు. స్టేటస్ తీసేసి, కంప్రెసర్ ఆన్ చేసి పనిలో పడ్డాడు. బావే ఊరుకోలేకపోయాడు. "గాలి తక్కువుంటే రేసుల ఉన్నప్పుడే ఆపాలె గదా. మెడలేసిన దండ పొద్దుగాల వచ్చి గుంజుకుంటరా?"

ఆ మాట నాకు ఇప్పటికీ సరైనదే అనిపిస్తుంది. విన్యాలెస్ మోసమేమీ చేయలేదు. ఆరో స్థానం నుంచి మొదలుపెట్టినవాడు గుంపులో ఉంటాడు, టైరు వేడెక్కుతుంది అనే లెక్కతోనే ఏ టీమైనా గాలి పెడుతుంది. అతను ఆ లెక్కను మించి నడిపాడు. లీడ్‌లోకి పోయాడు, ముందు ఎవరూ లేరు, టైరు చల్లబడింది. ఊహించినదానికన్నా బాగా నడపడమే అతనికి శిక్ష తెచ్చింది. రైడర్ నడుపుడులో తప్పులేని రేసును ఒక అంకె తినేసింది, అది కూడా మేం చూడని అంకె.

నిజానికి అంతకు నెలన్నర ముందే ఇదే రూలును నేను తెగ మెచ్చుకున్నాను. మార్చి 2, థాయిలాండ్‌లో బురీరామ్. డుకాటీ ఫ్యాక్టరీ (కంపెనీ సొంత టీమ్) బండి మీద మార్క్ మార్కెజ్‌కు తొలి రేసు. హాయిగా లీడ్ చేస్తున్నవాడు ఏడో ల్యాపులో ఉన్నట్టుండి వేగం తగ్గించి, తన సొంత తమ్ముడు అలెక్స్ మార్కెజ్‌ను ముందుకు పోనిచ్చాడు. బండికి ఏమైందోనని టెన్షన్ పడ్డాం. ఏమీ కాలేదు. గాలి తక్కువగా ఉందని గమనించి, అలెక్స్ వెనకాల వేడిగాలిలో టైరును కాచుకుంటున్నాడు. అలా చాలాసేపు ఆనుకుని పోయి, ఇంకో మూడు ల్యాపులుండగా దాటేసి గెలిచాడు. ఎంత బుర్ర అనుకుని ఆ వారమంతా అందరికీ చెప్పాను. రేసింగ్‌కు ఇంకో పొర వచ్చిందన్నాను.

ఇప్పుడు ఆ మాటను కొంచెం సరిచేసుకోవాలి. ఇష్టమొచ్చినప్పుడు వెనక్కి తగ్గి, ఇష్టమొచ్చినప్పుడు దాటే వేగం ఆ రోజు ట్రాక్ మీద అతనొక్కడికే ఉంది. అందుకే అది అందంగా కనిపించింది. అతనే 2024లో నెదర్లాండ్స్‌లోని ఆసెన్‌లో ఇదే పని చేశాడు. ఇంకో రైడర్ డి జన్నాంటోనియోను ముందుకు పోనిచ్చి గాలి పెంచుకోవాలని చూశాడు. అయినా చాల్లేదు, నాలుగో స్థానం పదైంది. అంత బుర్ర, అంత అనుభవం ఉన్నవాడికే ఒకసారి కుదిరి ఒకసారి కుదరకపోతే, మొదటి ఏడాది నడిపే పిల్లవాడి సంగతేంటి? అసలు లీడ్‌లో ఉన్నవాడు కావాలని వెనక్కి రావాల్సిన పరిస్థితి రేసులో ఎందుకుండాలి?

2024లో స్పెయిన్‌లోని హెరెజ్ స్ప్రింట్ కూడా ఇలాంటిదే. తడి మచ్చల మీద ఒకరి తర్వాత ఒకరు పడిపోయిన రేసులో, ఏడాదంతా తిప్పలు పడుతున్న యమహాను రైడర్ క్వార్తరారో మూడో స్థానానికి లాక్కొచ్చాడు. గాలి తక్కువని 8 సెకన్లు కలిపితే ఆ మూడో స్థానం డాని పెడ్రోసాకు పోయింది. పెడ్రోసా అంటే నాకు ఎప్పటినుంచో అభిమానం. రిటైరయ్యాక అప్పుడప్పుడు వచ్చి నడిపే మనిషికి పోడియం దక్కితే ఎగిరి గంతేయాలి. కానీ ఆ రోజు సంతోషించడానికి మనసు రాలేదు.

నేను కోరేది పెద్దదేం కాదు. తెర మీద బండి ఎంత వంగిందో చూపిస్తారు, వేగం చూపిస్తారు, వెనక టైరు సాఫ్టా మీడియమా చూపిస్తారు. రైడర్‌కు డాష్ మీద కనిపించే గాలి అంకె మాకెందుకు కనిపించకూడదు? అది కనిపిస్తే ఖతార్‌లో ఆ కొన్ని ల్యాపులు ఇంకా ఉత్కంఠగా ఉండేవి. విన్యాలెస్ వెనక్కి తగ్గాలా, తెగించి పోవాలా అని మేమూ అతనితోపాటు ఊపిరి బిగబట్టేవాళ్లం. శిక్ష కూడా రేసులోనే వేయాలి. ట్రాక్ గీత పదేపదే దాటితే హెచ్చరిక ఇచ్చి, లాంగ్ ల్యాప్ వేస్తారు. అందరూ చూస్తుండగా రైడర్ ఆ పక్క దారిలో పోయొస్తాడు, అక్కడితో లెక్క తేలిపోతుంది. గాలికి కూడా అలాంటిదేదో పెట్టొచ్చు.

మిగతావి క్లుప్తంగా. 2023లో వచ్చిన శనివారం స్ప్రింట్ నాకు నచ్చింది. సగం దూరం, గెలిస్తే 12 పాయింట్లు, యూరప్ రేసులైతే సాయంత్రం ఆరున్నరకు హాయిగా చూడొచ్చు. అయితే 2025లో 22 రౌండ్లకు 22 స్ప్రింట్లు కలిపితే రైడర్లు 44 సార్లు మొదటి మలుపులోకి ఒకరినొకరు ఒరుసుకుంటూ దిగాలి. గాయపడి కూర్చున్నవాళ్లను చూస్తే మొదట్లో ఉన్నంత ఉత్సాహం ఇప్పుడు లేదు. ఆ ఏడాది మార్కెజ్ ఇంకో ఐదు రౌండ్లుండగానే జపాన్‌లోని మోతెగీలో టైటిల్ కొట్టేశాడు. 2020లో పడిపోయి విరిగినప్పటి నుంచి అతని చెయ్యి పడ్డ కష్టం తెలిసినవాళ్లకు అది పండగే. చివరి రేసుదాకా పోటీ ఉండాలనుకునేవాళ్లకు మాత్రం కొంచెం చప్పగా అనిపించి ఉంటుంది. నేను డబ్బు కట్టిన యాప్ అర్ధరాత్రి ఆస్టిన్ రేసు మధ్యలో ఆగిపోయింది, మళ్లీ వచ్చేసరికి ఎవరు ఎందుకు పడ్డారో తెలియలేదు. అది కూడా ఈ అభిమానంలో భాగమనుకుని సరిపెట్టుకున్నాను.

మన దేశంలో 2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌లో రేసు జరిగినప్పుడు షాపులో కూర్చోవడానికి చోటు లేదు. ఎండకు రేసును 21 ల్యాపులకు కుదించారు, బెజెక్కి గెలిచాడు, రెండోవాడిగా వచ్చిన మార్టిన్ రేసయ్యాక కూలబడ్డాడు. మరుసటి ఏడాది క్యాలెండర్‌లో పెట్టి కూడా జరపలేదు. మళ్లీ ఇక్కడికి వస్తే ఈసారి టీవీలో చూడను, ఢిల్లీ రైలెక్కుతాను.

2027 నుంచి ఇంజిన్ 850 సీసీకి తగ్గుతుంది, బండిని కిందికి దించే పరికరాలు పోతాయి, రెక్కలు చిన్నవవుతాయి, మిషెలిన్ బదులు పిరెల్లి టైర్లు వస్తాయి. ముందు టైరు మీద భారం, వెనకవాడికి కొట్టే వేడి రెండూ తగ్గాలి. నా ఆశంతా దానిమీదే.

చూడమని చెప్తానా అంటే, చెప్తాను, కానీ నా పరిస్థితి వేరు. నాకు ఆదివారం సెలవు, చూడటానికి బావ షాపుంది, పక్కన అరిచే మనుషులున్నారు. అయినా యాసంగి వడ్లు దిగే ఏప్రిల్, మే నెలల్లో మిర్యాలగూడ మిల్లులో లెక్కలు రాసుకుంటూ కొన్ని రేసులు వదులుకుంటాను. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు, పొద్దున్నే డ్యూటీ ఎక్కేవాళ్లు సాయంత్రం ఐదున్నరకు వచ్చే యూరప్ రేసులతో మొదలుపెట్టండి. ఖతార్‌లాంటి రాత్రి రేసు చూస్తే మాత్రం పోడియం అవగానే టీవీ కట్టేయకండి. అధికారుల చివరి ఫలితాల పట్టిక వచ్చాకే పడుకోండి.