స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు 6-24×50 స్కోప్ కొనబోయేవారికి హెచ్చరిక

నాలుగు నెలల క్రితం ఒక ఆన్‌లైన్ అమ్మకందారు వద్ద 7,800 రూపాయలు పెట్టి 6-24×50 స్కోప్ (6 నుంచి 24 రెట్లు పెద్దదిగా చూపే, 50 మిల్లీమీటర్ల ముందు కటకం ఉన్న, రైఫిల్ మీద బిగించే దుర్భిణి) కొన్నాను. హైదరాబాదు శివార్లలోని మా తోటలో 25 మీటర్ల దూరాన కాగితపు టార్గెట్ పెట్టుకుని, 4.5 మిల్లీమీటర్ల స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌తో సాధన చేసే నాకు, 24 రెట్లు పెద్దదిగా కనబడుతుందన్న మాట ఒక్కటే ఆశ పెట్టడానికి చాలింది. ఏ రైఫిల్‌కైనా సరిపోతుందని ప్రకటనలో రాసి ఉంది. రెండు వందల పెల్లెట్లు కాల్చేలోపే లోపలి రెటికిల్ (గురి చూసే అడ్డ, నిలువు గీతలు, అంటే క్రాస్‌హెయిర్) ఒక పక్కకు ఒరిగిపోయింది.

కారణం నాకు ఆలస్యంగా తెలిసింది. స్ప్రింగ్ రైఫిల్‌లో ట్రిగ్గర్ నొక్కగానే బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది కనుక రైఫిల్ మొదట వెనక్కి తంతుంది. ఆ పిస్టన్ సిలిండర్ చివర ఒత్తుకుపోయిన గాలిని ఢీకొని ఆగేసరికి అదే రైఫిల్ ముందుకు కుదుపుకుంటుంది. మామూలు స్కోపులు చాలావరకు వెనక్కి తన్నే తన్నును మాత్రమే ఓర్చుకునేలా తయారవుతాయి. ముందే నింపి ఉంచిన అధిక పీడన గాలితో కాల్చే పీసీపీ రైఫిళ్లలో ఈ కుదుపు దాదాపు ఉండదు. నేను నమ్మిన మెచ్చుకోళ్లన్నీ వాటి యజమానులు రాసినవే; అది గమనించకపోవడం నా పొరపాటే.

నిజానికి రెటికిల్ ఒరగకముందే అనుమానించవలసింది. గురిని సరిచేసే మర అయిన టర్రెట్‌ను ఒక క్లిక్, అంటే పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు), తిప్పితే 25 మీటర్ల వద్ద గురి సుమారు 1.8 మిల్లీమీటర్లు జరగాలి, అంటే 40 క్లిక్కులకు ఏడు సెంటీమీటర్లకు పైగా రావాలి. నాకు ఐదే వచ్చింది, వెనక్కి తిప్పితే మొదటి చోటికి చేరలేదు.

ఇక 24 రెట్ల సంగతి. 50 మిల్లీమీటర్ల ముందు కటకాన్ని 24తో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం రెండు మిల్లీమీటర్లకు కాస్త పైన మాత్రమే ఉంటుంది. తల వెంట్రుకవాసి కదిలినా చిత్రం నల్లబడుతుంది, సాయంత్రమైతే మసకబారుతుంది, మన ఎండాకాలంలో నేల మీది వేడి గాలికి టార్గెట్ నీటిలో ఉన్నట్టు ఆడుతుంది. ఊపిరీ గుండె చప్పుడూ కూడా క్రాస్‌హెయిర్‌లో కనబడతాయి. నేను 10 దాటించినది అరుదు. పైగా అది సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోప్ (జూమ్ మార్చినా రెటికిల్ పరిమాణం మారనిది) కనుక మిల్ డాట్ల (రెటికిల్ మీది కొలత చుక్కల) కొలత ఒకే ఒక్క జూమ్ వద్ద సరిపోతుంది. అది ఏ జూమో దానితో వచ్చిన కాగితంలో లేదు.

వాపసు అడిగితే, ట్యూబ్ మీద మౌంట్ రింగుల గీతలు పడ్డాయని తిరస్కరించారు. అందుచేత కొన్న రోజే, రింగులు బిగించకముందే పరీక్షించండి. ఒక గట్టి అట్టపెట్టె అంచులను 'వి' ఆకారంలో కోసి స్కోప్‌ను అందులో కదలకుండా కూర్చోబెట్టి, 25 మీటర్ల దూరంలో స్కేలుతో గీతలు గీసిన కాగితాన్ని అంటించి, టర్రెట్‌ను 40 క్లిక్కులు తిప్పి, క్రాస్‌హెయిర్ ఎంత జరిగిందో, వెనక్కి తిప్పితే అదే గీత మీదికి వచ్చిందో లేదో చూడండి. పారలాక్స్ (దూరానికి తగ్గట్టు చిత్రాన్ని సరిచేసే అమరిక) 10 మీటర్ల వరకు దిగుతుందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది. స్ప్రింగ్ రైఫిల్ కుదుపుకు తట్టుకుంటుందా అన్న ప్రశ్నకు మాత్రం ఈ పరీక్ష జవాబు చెప్పదు. దానిని డబ్బు కట్టకముందే అమ్మకందారుతో రాతపూర్వకంగా చెప్పించుకోండి.