‘వెడల్పు డిజైన్ ఫుట్’ కొనేముందు మీ మెషీన్ సంగతి చూసుకోండి

ఇంట్లో మెషీన్ పెట్టుకుని బ్లౌజులు, దుపట్టాలు కుట్టేవాళ్ళందరికీ చెబుతున్నాను. ఫుట్ అంటే సూది దగ్గర బట్టని పైనుంచి నొక్కిపట్టే ముక్క. ఇప్పుడు ‘వైడ్ స్టిచ్ ఫుట్’ అనీ, ‘వెడల్పు డిజైన్ ఫుట్’ అనీ ఒకటి అమ్ముతున్నారు. అది బిగిస్తే మామూలు మెషీన్ మీదే రెండు వేళ్ళ వెడల్పు పువ్వులు, తీగలు పడతాయని చెబుతున్నారు. పడవు. 1,850 రూపాయలు పోసి కొని, కస్టమర్ దుపట్టా పాడుచేసి, మెషీన్ రిపేరుకి ఇచ్చాక నాకు తెలిసిన సంగతి ఇది. దసరా ఆర్డర్ల హడావుడిలో ఇంకెవరూ దీనికి డబ్బు పెట్టకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది గుంటూరు, కొత్తపేట. పదకొండేళ్ళుగా కుడుతున్నాను. నాది ఇళ్ళలో వాడే జిగ్‌జాగ్ మెషీన్, అంటే సూది పక్కలకి కూడా ఊగే రకం. ఇరవై చిల్లర డిజైన్లున్నాయి కానీ కుట్టు వెడల్పు ఎంత పెంచినా 5 మిల్లీమీటర్లు దాటదు. ఒక కస్టమర్ ఆరు మంగళగిరి కాటన్ దుపట్టాలు ఇచ్చి, నిజాం బోర్డర్ పక్కనే వెడల్పుగా తీగ డిజైన్ కావాలంది. మగ్గం వర్క్ చేయిస్తే ఆవిడ అనుకున్న డబ్బులో రాదు. 5 మిల్లీమీటర్ల కుట్టు వేస్తే అంత పెద్ద దుపట్టా మీద గీత గీసినట్టు ఉంటుంది. ఏం చెయ్యాలా అని చూస్తున్నప్పుడే, లేసులు కొనడానికి విజయవాడ వెళ్ళి, అక్కడ ఒక షాపులో ఈ ఫుట్ చూశాను.

షాపతను ఫోన్‌లో వీడియో చూపించాడు. ఫుట్ బిగించారు, మెషీన్ నడిచింది, బట్ట మీద వెడల్పాటి పువ్వు పడింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నా మెషీన్ మోడల్ చెప్పి, దీనికి పడుతుందా అని రెండుసార్లు అడిగాను. “లో షాంకే కదమ్మా, ఏ మెషీన్‌కైనా పడుతుంది, ఫుట్ మార్చుకోవడమే మీ పని” అన్నాడు. లో షాంక్ అంటే ఫుట్ తగిలించే కడ్డీ పొట్టిగా ఉండే రకం. బిల్లు మీద ‘వైడ్ డెకరేటివ్ ఫుట్’ అని రాయించుకున్నాను. ఆ ఒక్క పని మాత్రం బాగా చేశాను.

ఇంటికొచ్చి ముందు పాత కాటన్ ముక్క మీద వేసి చూశాను. ఎప్పుడూ పడే 5 మిల్లీమీటర్ల కుట్టే పడింది. షాపుకి ఫోన్ చేస్తే, “దళసరి గుడ్డ మీద కాదమ్మా, పల్చటి బట్ట మీద వెయ్యండి, కుట్టు పొడవు పెంచండి” అన్నాడు. అక్కడ నేను ఆగాల్సింది. డెలివరీ తేదీ దగ్గరపడిన టెన్షన్‌లో దుపట్టా మూల తీసుకుని కింద పెట్టాను.

ఆ ఫుట్ అడుగుభాగం అద్దంలా నున్నగా ఉంది. పల్చటి బట్టని, దాన్ని నడిపే కింద పళ్ళకేసి సరిగా నొక్కలేదు. బట్ట ముందుకి కదలక ఒకేచోట దారం ఉండ కట్టింది. దానికి తోడు ఫుట్ మధ్యలో ఉండే చిన్న అడ్డపిన్ను నా మెషీన్‌కి ఫుట్ తగిలించే హోల్డర్‌లో పట్టడానికి కాస్త పొట్టి. బిగించినప్పుడు గట్టిగానే అనిపించింది కానీ కుడుతుంటే వెంట్రుకవాసి పక్కకి జరుగుతూ వచ్చింది. టక్ మని శబ్దం. సూది ఫుట్ అంచుకి తగిలి ముక్కు విరిగింది. వంకరపోయిన సూది బట్టని, సూది దిగే ప్లేటు సందులోకి లాక్కుపోయింది. చక్రం చేత్తో వెనక్కి తిప్పి, దారాలు కత్తిరించి బట్ట బయటికి తీస్తే బోర్డర్‌కి రెండంగుళాల దూరంలో పెసరగింజంత చిల్లు. మర్నాటి నుంచి ఏ కుట్టు వేసినా దారం తెగడం మొదలైంది. మెకానిక్ షటిల్ (కింద దారంతో కుట్టు ముడివేసే భాగం) బయటికి తీసి నా గోరు దాని మొన మీద పెట్టించాడు. గోరు పట్టుకుంది. సూది తగిలి అక్కడ గరుకు లేచింది. దాన్ని అరగదీసి నున్నగా చేయడానికి 600 తీసుకున్నాడు.

అసలు మోసం ఎక్కడుందో తర్వాత ఆ వీడియో పదిసార్లు చూస్తే గానీ అర్థం కాలేదు. నేను మొదటిసారి సూదినే చూశాను. చూడాల్సింది బట్టని. వీడియోలో బట్ట ముందుకే కాదు, ఎవరూ ముట్టుకోకుండానే కుడికీ ఎడమకీ కదులుతోంది. అది ఖరీదైన కంప్యూటర్ మెషీన్. మన మెషీన్లలో సూది పక్కలకి ఊగుతుంది, కింద పళ్ళు బట్టని ముందుకో వెనక్కో మాత్రమే నడుపుతాయి. అందుకే సూది ఎంత దూరం ఊగగలదో కుట్టు అంతే వెడల్పు. ఇళ్ళలో వాడే మెషీన్లలో సాధారణంగా అది 5 గానీ 7 గానీ మిల్లీమీటర్లు. పెద్ద మెషీన్లలో 9 ఉంటుంది. వీడియోలో ఉన్న రకంలో కింద పళ్ళు బట్టని పక్కలకి కూడా జరుపుతాయి. అందుకే పువ్వు సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది.

ఫాఫ్ కంపెనీ మెషీన్లలో ఇలా పడే వెడల్పు కుట్లని మ్యాక్సీ స్టిచెస్ అంటారు. హస్క్‌వర్నా వైకింగ్ కంపెనీ మెషీన్లకి సైడ్ మోషన్ ఫుట్ ఉంటుంది, బెర్నినా కంపెనీ మెషీన్లకి 40సి అనే ఫుట్ ఉంటుంది. అవి నిజమైన వస్తువులే, మంచి వస్తువులే. బట్ట ఏ పక్కకి జరిగినా అడ్డుపడకుండా ఉండటానికే వాటి అడుగు నున్నగా చేస్తారు. వెడల్పు పుట్టించేది మెషీన్. ఫుట్ దానికి దారి ఇస్తుంది, అంతే. పళ్ళు పక్కకి కదలని మెషీన్‌కి అలాంటి ఫుట్ బిగిస్తే ఆ నునుపు వల్ల పట్టు పోవడం తప్ప ఒరిగేది లేదు.

ఒక్క మాట మాత్రం న్యాయంగా చెప్పాలి. నేరుకుట్టు మాత్రమే వేసే నల్ల మెషీన్లకి జిగ్‌జాగ్ అటాచ్‌మెంట్ అని పాతకాలం నుంచీ ఒకటుంది. దానికి పక్కన ఒక చేయి ఉంటుంది, అది సూది బిగించే స్క్రూ మీద కూర్చుంటుంది. సూది పైకీ కిందకీ వెళ్ళినప్పుడల్లా ఆ చేయి కదిలి, అటాచ్‌మెంటే బట్టని పట్టి పక్కకి జరుపుతుంది. అది నిజంగా పనిచేస్తుంది, కానీ పడేది చిన్న జిగ్‌జాగే. చేయి గానీ, లోపల కదిలే భాగం గానీ లేని ఒట్టి రేకు ముక్క బట్టని ఎలా జరుపుతుంది? నాకు అమ్మింది ఆ ఒట్టి రేకు ముక్కే.

కొనాలనే అనుకుంటే ముందు మీ మెషీన్ పుస్తకం తీసి కుట్టు వెడల్పు ఎంతవరకు అని రాశారో చూడండి. పుస్తకం పోయి ఉంటే సూది దిగే ప్లేటులో అడ్డంగా ఉన్న సందు చూడండి. గుండ్రటి చిల్లు మాత్రమే ఉంటే నేరుకుట్టు తప్ప వేరేది పడదు. సందు ఎంత వెడల్పుంటే సూది ఆ లోపే ఊగుతుంది, ఏ ఫుట్టూ దాన్ని పెంచలేదు. షాపులో మీ మోడల్ మెషీన్ మీదే కుట్టి చూపించమనండి. వీడియో చూపిస్తే ఒప్పుకోవద్దు. ఏ కొత్త ఫుట్ బిగించినా మోటారు నొక్కకముందు కుట్టు వెడల్పు పూర్తిగా పెంచి, చక్రం చేత్తో మీవైపుకి పది చుట్లు నెమ్మదిగా తిప్పండి. సూది ఇటూ అటూ అంచుకి తగలకుండా దిగుతోందా చూడండి. ఫుట్‌ని వేలితో పక్కకి కదిపి చూడండి, కదిలితే తీసేయండి. నేను ఈ పని చేసి ఉంటే ఆ దుపట్టా మిగిలేది.

వెడల్పు బోర్డర్ మామూలు మెషీన్ మీద రాదా అంటే వస్తుంది, కాస్త ఓపిక కావాలి. మిగిలిన ఐదు దుపట్టాలు అలాగే చేశాను. శాటిన్ ఫుట్ వాడాను. దాని అడుగున గాడి ఉంటుంది, దట్టమైన కుట్టు ఆ గాడిలోంచి వెనక్కి జారిపోతుంది, ఉండ కట్టదు. బట్ట కింద న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. బటర్ పేపర్ పెట్టాను. బోర్డర్‌కి సమాంతరంగా చాక్‌పీస్‌తో మూడు గీతలు గీసుకుని, మధ్య గీత మీద ఆకుల డిజైన్, దానికి అటూ ఇటూ అర్ధచంద్రాల డిజైన్ వేశాను. రెండో వైపు అర్ధచంద్రాలు వేసేటప్పుడు దుపట్టాని చివర నుంచి తిప్పి పెట్టాను, అప్పుడు రెండు వరసలూ ఒకదానికొకటి ఎదురుగా తిరుగుతాయి. మూడూ కలిపి ఇంచుమించు 18 మిల్లీమీటర్లు వచ్చింది. తీగ కాదు గానీ చూడటానికి నిండుగా ఉంది. వేగం మాత్రం తగ్గించాలి, పై దారం బిగువు కూడా కొంచెం వదులు చేయాలి. లేకపోతే కింద దారం పైకి కనిపిస్తుంది.

చిల్లు పడిన దుపట్టా ఖరీదు నేను తగ్గించుకున్నాను. ఆ కస్టమర్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే నాకు ఇంకా బాధగా ఉంది.

ఫుట్ తీసుకుని మళ్ళీ షాపుకి వెళ్తే బిల్లు కింద అచ్చువేసిన ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అనే వాక్యం చూపించారు. ఆ వాక్యం చూసి వెనక్కి వచ్చేయకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం ఉన్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాలి. నిరాకరిస్తే అది అన్యాయపు వ్యాపార పద్ధతి కిందకి వస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్ళకి 2020 ఈ-కామర్స్ నియమాలున్నాయి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మినవాళ్ళు వాపసు తీసుకోనని అనకూడదు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బిల్లు, ప్యాకెట్ మీది రాతలు, విరిగిన సూది, దుపట్టా చిల్లు అన్నిటికీ ఫోటోలు తీసిపెట్టాను.

డబ్బు ఇంకా రాలేదు. ఎవరి దగ్గరైనా ఇలాంటి ప్యాకెట్ ఉంటే ఫుట్‌తో పాటు అట్ట కూడా దాచండి, ‘ఏ మెషీన్‌కైనా’ అన్న మాట అచ్చులో ఉండేది దాని మీదే.