ఆ 3.5 అంగుళాల డిస్‌ప్లే బోర్డు కొనేముందు ఇది చదవండి

ఇప్పుడే ఆ బోర్డు అమ్మినవాడితో చాట్ ముగించాను, చేతులు ఇంకా వణుకుతున్నాయి. సెల్లర్ ఎవరో మీకు తెలుసు, మనలో చాలామంది వాడి దగ్గరే కొంటాం. ఒక స్క్రీన్ పక్కకి జరుగుతుంటే ఇంకోటి ఎక్కడా తడబడకుండా వచ్చి కూర్చునే వీడియో పెట్టాడు కదా, అది చూసే నేనూ కొన్నాను. అమ్మ మందుల వేళలు చూపించే చిన్న పెట్టె చేద్దామని.

వాడు పెట్టిన ఫోటోలో, బోర్డుని నడిపే చిప్ రేకు మూత మీద ఈఎస్‌పీ32 వ్రోవర్ అని ఉంది. అంటే పీఎస్‌ర్యామ్ (చిప్ సొంత ర్యామ్‌కి తోడుగా ఉండే అదనపు మెమరీ) ఉన్నట్టు. నాకు వచ్చింది వ్రూమ్, అందులో సాధారణంగా పీఎస్‌ర్యామ్ ఉండదు. ఆ చిన్న అక్షరాలు చూసుకోకుండా వైర్లు సోల్డర్ చేసేశాను. అది నా తప్పే.

రెండు రాత్రులు నా కోడ్‌నే తిట్టుకున్నాను. స్లైడ్ పెడితే పాత స్క్రీన్ సగం, కొత్తది సగం, పట్టీలు పట్టీలుగా కనిపిస్తూ ఈడ్చుకుంటూ వచ్చేది. ఫేడ్ (పాతది మసకబారుతుంటే కొత్తది తేలడం) పెడితే బోర్డే రీసెట్. చివరికి సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే సమాచారం కంప్యూటర్‌లో చూపే విండో) పీఎస్‌ర్యామ్ సైజు ప్రింట్ చేయించాను. 0 అని వచ్చింది. 480×320 స్క్రీన్ ఒక్కటి మెమరీలో పెట్టాలంటే, పిక్సెల్‌కి 2 బైట్ల చొప్పున 3,07,200 బైట్లు కావాలి. ఫేడ్ కోసం పాతదీ కొత్తదీ రెండూ ఉంచాను, అంటే 6,14,400. చిప్‌లో ఉన్న ర్యామే 520 కేబీ, అదీ అంతా మన చేతికి రాదు. ఎక్కడ పడుతుంది?

ఆ సున్నాని ఫోటో తీసి పంపాను. జవాబు ఏమిటో తెలుసా? "సార్, యానిమేషన్ రావట్లేదంటే ముందు కోడింగ్ నేర్చుకోండి." కోపం దిగమింగుకుని, మరి మీ వీడియోలో ఎలా వచ్చిందని అడిగాను. "అది వేరే బోర్డు. రెఫరెన్స్ కోసం పెట్టాం." ఎంత మామూలుగా అన్నాడో! నా రెండు రాత్రులూ ఆ ఒక్క మాటతో పోయాయి. సోల్డర్ చేశారు కాబట్టి రిటర్న్ కూడా లేదట. ఆ వీడియో ఇప్పటికీ అదే పేజీలో ఉంది.

నిజానికి వ్రోవరే పంపినా ఆ వీడియోలో ఉన్నట్టు రాదు. ఈ డిస్‌ప్లేని నడిపే డ్రైవర్ చిప్ ఐఎల్‌ఐ9488. ఎస్‌పీఐలో (డిస్‌ప్లేకి డేటా ఒక్కో బిట్‌గా పంపే పద్ధతి) అది పిక్సెల్‌కి 3 బైట్లు అడుగుతుంది. 40 మెగాహెర్ట్జ్‌లో ఒక్క ఫ్రేమ్ పంపడానికే దాదాపు 92 మిల్లీసెకన్లు, అంటే సెకనుకి పదో పదకొండో ఫ్రేములు. ఈ లెక్క కొనకముందే వేసుకోవాల్సింది. వేసుకోలేదని ఇప్పుడు బాధపడుతున్నాను.

కొనేవాళ్లు పార్శిల్ విప్పగానే మూత మీది పేరు చదవండి, పీఎస్‌ర్యామ్ సైజు ప్రింట్ చేయించండి, ఆ తర్వాతే సోల్డర్ పట్టుకోండి. ఇప్పటికే కొని ఇరుక్కున్నవాళ్లు స్లైడ్, ఫేడ్ తీసేయండి. బ్యాక్‌లైట్ పిన్‌కి పీడబ్ల్యూఎం (చాలా వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వెలుగు మార్చే పద్ధతి) ఇచ్చి వెలుగు మెల్లగా తగ్గించి, చీకట్లో కొత్త స్క్రీన్ గీసి, మళ్లీ పెంచండి. దానికి ఫ్రేమ్ బఫర్ (స్క్రీన్ మొత్తాన్ని మెమరీలో ఉంచుకునే చోటు) ఏమీ అక్కర్లేదు. అమ్మ పెట్టెలో ఇప్పుడు అదే పెట్టాను.