ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 ఫోర్త్ జెన్: మేడ మీద గదిలో ఏడాది వాడాక

ముందు రాస్తున్నది ఎవరో చెప్తాను, అప్పుడు నా మాట మీకు ఎంతవరకు పనికొస్తుందో మీరే తేల్చుకోవచ్చు. నాకు 66 ఏళ్ళు. 17వ ఏట నుంచి ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో పద్య నాటకాలకు హార్మోనియం వాయిస్తున్నాను. కాలితో తొక్కే హార్మోనియం. తిరునాళ్ళు, పరిషత్తు పోటీలు, పీర్ల పండగ మర్నాడు వేసే నాటకాలు, ఎక్కడ పిలిస్తే అక్కడికి లారీ ఎక్కి పెట్టెతో సహా వెళ్ళిన మనిషిని. మోకాళ్ళు సహకరించక తెల్లవార్లూ తొక్కడం కష్టమయ్యాక, ఇంట్లో వాళ్ళు ఈ వయసులో ఎందుకని అంటున్నా, పోయిన సంక్రాంతి వెళ్ళాక ఒంగోలులో మా మేడ మీద ఉన్న 10 అడుగులు 12 అడుగుల గదిని రికార్డింగ్ గదిగా మార్చాను. ఇన్నేళ్ళూ ఏదో ఒక సమాజం కిందో, ఎవరో ఒక కాంట్రాక్టరు కిందో వాయించాను. నా పేరు మీద నేను మొదలుపెట్టిన మొదటి పని ఇదే. దానికి గుండెకాయ లాంటిది ఈ ఎర్ర పెట్టె.

ఇది ఆడియో ఇంటర్‌ఫేస్. అంటే మైకులో పడ్డ శబ్దాన్ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చి పంపే పెట్టె. అరచేతి కంటే కొంచెం పెద్దది. వెనక రెండు మైకులు పెట్టుకోవచ్చు, ముందు గిటార్ లాంటి వాటికి రెండు జాక్‌లు, హెడ్‌ఫోన్‌కి ఒకటి. చిన్న శబ్దాన్ని కూడా పట్టే కండెన్సర్ మైకుకి కావలసిన 48 వోల్టుల కరెంటు ఇదే ఇస్తుంది. నాకు దీనికి వేరే అడాప్టర్ అవసరం పడలేదు, ల్యాప్‌టాప్ నుంచి వచ్చే యూఎస్‌బీ వైరు సరిపోయింది. నాకు 18 వేల చిల్లర పడింది. మైకు 9 వేలు, హెడ్‌ఫోన్లు 4 వేలు, స్టాండు, వైర్లు 3 వేలు, గదికి ఇంకో 11 వేలు. ల్యాప్‌టాప్ మా అబ్బాయి పాతది. రికార్డ్ చెయ్యడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను, అది ఉచితం. పక్కింటి అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు, "తాతా, ఇక్కడ నొక్కితే మొదలు, ఇక్కడ నొక్కితే ఆగుతుంది" అని రెండు సాయంత్రాలు కూర్చుని నేర్పాడు. మూడో రోజు నుంచి నేనే చేసుకుంటున్నాను.

ఇక అసలు విషయం. పద్య నాటకం వాళ్ళ గొంతు సినిమా గొంతు కాదు. చివరి వరుసలో పట్టా మీద కూర్చున్న ముసలమ్మకి కూడా ప్రతి అక్షరం వినపడాలని పాడి పాడి పెంచుకున్న గొంతులు. ఐదు శ్రుతిలో, అంటే హార్మోనియం మీద ఐదో తెల్ల మెట్టు శ్రుతిలో, పద్యం ఎత్తుకుని, చివర రాగం పైస్థాయికి తీసుకెళ్ళి అక్కడ నిలబెడతారు. మొదట్లో మాట్లాడినట్టు మెల్లగా ఉంటుంది, చివరికి గది అదురుతుంది. రికార్డింగ్‌లో ఇంతకంటే కష్టమైన గొంతు ఇంకొకటి ఉండదని ఈ ఏడాదిలో నాకు అర్థమైంది.

ఈ పెట్టెలో ఆటో అని ఒక బటన్ ఉంది. నొక్కితే 10 సెకన్లు విని మైకు స్థాయి అదే సరిచేసుకుంటుంది. ఫిబ్రవరిలో టంగుటూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. నాకంటే 8 ఏళ్ళు పెద్ద, 40 ఏళ్ళు హరిశ్చంద్రుడి వేషం కట్టిన మనిషి. నేను అన్నా అంటాను, ఆయన నన్ను మేస్టారూ అంటారు. ఆటో నొక్కి "పాడు అన్నా" అంటే పద్యం మొదటి పాదం మెల్లగా అన్నారు. పెట్టె ఆ మెల్లని గొంతుకి తగ్గట్టు స్థాయి పెంచేసుకుంది. తర్వాత కాటి సీను పద్యం పూర్తిగా పాడి చివర రాగం ఎత్తేసరికి స్థాయి మార్చే తిప్పుడు గుండీ చుట్టూ ఉన్న పచ్చ వెలుగు ఎర్రగా మారిపోయింది, గొంతు పగిలిపోయి రికార్డ్ అయింది. తప్పు పెట్టెది కాదు, నాది. 74 ఏళ్ళ మనిషి చేత అలాంటి పద్యం అదే రోజు రెండోసారి పాడించలేం. ఆ బాధ నాకు చాలా రోజులు ఉంది. అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. ఆటో నొక్కిన 10 సెకన్లలో పద్యం మొదలు కాదు, చివర రాగమే తీయమంటాను, అదీ పూర్తి గొంతుతో. పక్కనే సేఫ్ అని ఇంకో బటన్ ఉంది, శబ్దం హద్దు దాటబోతుంటే అదే తగ్గిస్తుంది. అది ఎప్పుడూ వేసే ఉంచుతాను. 24 బిట్‌లో, అంటే మెల్లని శబ్దం కూడా వివరంగా పట్టేలా, రికార్డ్ చేస్తాం కాబట్టి స్థాయి కొంచెం తక్కువ పెట్టినా నష్టం లేదు, తర్వాత పెంచుకోవచ్చు. పగిలిన గొంతుని మాత్రం ఎవరూ బాగుచెయ్యలేరు.

రెండు వారాల తర్వాత అన్న మళ్ళీ వచ్చారు. ఈసారి బాగా పడింది. పద్యం అయ్యాక కళ్ళు మూసుకుని అలాగే నిలబడ్డారు, ఐదారు సెకన్లు. స్టేజీ మీద అక్కడ చప్పట్లు పడతాయి, వన్స్ మోర్ అని కేక పడుతుంది, నేను హార్మోనియం మీద చిన్న బిట్ వాయిస్తాను. ఇక్కడ ఏమీ లేదు. ఎడిటింగ్‌లో ఆ ఖాళీని మొదట కోసేశాను. మళ్ళీ వింటే పద్యం ఊపిరి తీసుకోకుండా ముగిసినట్టుంది. తిరిగి పెట్టేశాను. అందరి పద్యాలకీ ఇప్పుడు అలాగే ఉంచుతున్నాను.

తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాను. మంచి మాట ఏదో అంటారనుకున్నాను. రెండుసార్లు విని, "ఏంది మేస్టారూ, పైస్థాయిలో శ్రుతికి కింద పడుతున్నానే, ఇన్నేళ్ళూ ఎవురూ చెప్పలేదే" అన్నారు. నిజమే, పడుతున్నారు. స్టేజీ మీద మైకుసెట్టు హోరులో నాకూ తెలియలేదు, తెలిసినా నేను హార్మోనియం గట్టిగా పట్టి కప్పేసేవాణ్ణేమో. ఆ మనిషి ఇంటికి వెళ్ళి, 50 ఏళ్ళుగా పాడుతున్న ఐదు శ్రుతి వదిలి నాలుగున్నరకి దిగి, నెల రోజులు సాధన చేసి వచ్చారు. నాటకాల వాళ్ళకి శ్రుతి తగ్గించుకోవడం అంటే ఎంత కష్టమైన మాటో తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. మూడోసారి పాడిన ఆ పద్యం ఈ ఏడాది ఈ గదిలో జరిగిన అన్ని పనుల్లో గొప్పది అనుకుంటున్నాను.

నాకు కూడా అదే జరిగింది. రెండు మైకుల్లో ఒకటి గొంతుకి, ఒకటి హార్మోనియానికి పెడితే దేనికది విడిగా రికార్డ్ అవుతుంది. నా ట్రాక్ ఒక్కటే పెట్టుకుని విన్నాను ఒక రాత్రి. 49 ఏళ్ళు వాయించాను, ఎంత ఎక్కువ వాయిస్తున్నానో ఇప్పుడు తెలిసింది. పాడేవాళ్ళు అక్షరం పలికే చోట కూడా నా వేళ్ళు ఊరుకోవు. స్టేజీ మీద అది నిండుగా అనిపించేది, ఇక్కడ మాట మీద దుప్పటి కప్పినట్టుంది. జూన్ నుంచి మాట వచ్చే చోట శ్రుతి మెట్టు ఒక్కటే పట్టుకుని, మాటకీ మాటకీ మధ్య మాత్రమే వాయించడం నేర్చుకుంటున్నాను. ఇంకా పూర్తిగా రాలేదు.

పాడేటప్పుడు తమ గొంతు హెడ్‌ఫోన్‌లో వెంటనే వినపడాలంటే డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కండి. అది నొక్కకుండా కంప్యూటర్ లోంచి వస్తే గొంతు ఒక క్షణం ఆలస్యంగా వినపడి పెద్దవాళ్ళు తికమక పడతారు. కొంతమందికి రెండు చెవులూ మూస్తే అసలు శ్రుతి అందదు. వాళ్ళకి ఒక చెవి వదిలేస్తాను. ఎయిర్ అనే బటన్ పైస్వరాలకి మెరుపు ఇస్తుంది. వయసు మీద పడి మూసుకుపోయినట్టుండే గొంతులకి బాగుంది, హార్మోనియానికి మాత్రం వద్దు, రీడ్లు గీసినట్టు వినపడతాయి. ఇంకొకటి, పాత హార్మోనియాలు ఫోన్‌లోని తంబురా యాప్‌తో సరిగ్గా కలవవు. హార్మోనియం శ్రుతికి యాప్‌ని జరుపుకోవాలి.

కొనేవాళ్ళకి నేను గట్టిగా చెప్పేది గది గురించి. కండెన్సర్ మైకు అన్నీ వింటుంది. మా ఇల్లు కర్నూలు రోడ్డుకి దగ్గర. చీమకుర్తి నుంచి గ్రానైటు రాళ్ళు మోసుకొచ్చే లారీలు ఆ దారినే వెళ్తాయి, చెవికి వినపడని ఆ గుర్రుమనే అదురు కూడా ట్రాక్‌లో కనపడింది. గోడలకి పాత పరుపుల దూది బొంతలు వేలాడదీశాను, కింద కొబ్బరి పీచు పట్టా పరిచాను, తలుపు సందులకి గుడ్డ కుట్టించాను. మిగిలిన అదురుని సాఫ్ట్‌వేర్‌లో 80 హెర్ట్జ్ కింద, అంటే బాగా కింది స్థాయి మోతని మాత్రమే, కోసేస్తున్నాను. మే నెలలో ఒంగోలు ఎండకి ఫ్యాను ఆపి పాడించడం మనిషిని హింస పెట్టడమే, అందుకని వేసవంతా తెల్లవారుజామున 4:30కి మొదలుపెట్టి 7 లోపు ముగించాం. నా పెడల్ కిర్రుమనే చప్పుడుకి ఇరుసు దగ్గర తోలు ముక్క పెట్టాను. 18 వేలు పెట్టి పెట్టె కొని గదిని వదిలేస్తే డబ్బు పోయినట్టే.

మార్చిలో వారం రోజులు జుమ్ అనే మోత వచ్చి చాలా టెన్షన్ పడ్డాను, పెట్టె పాడైందనుకున్నాను. చూస్తే ఒక కొట్లో చవగ్గా కొన్న మైకు వైరు ఒకటి, ల్యాప్‌టాప్ చార్జర్ ఒకటి కారణం. వైరు మార్చాను, రికార్డ్ చేసేటప్పుడు చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడుపుతున్నాను. మోత పోయింది.

సన్నాయి రికార్డ్ చేయడం నాకు ఈ ఏడాది పెద్ద పరీక్ష. మాకు దగ్గర్లోని కరవది సన్నాయి విద్వాంసుడు షేక్ చిన మౌలానా పుట్టిన ఊరు. 1924లో ఇక్కడ పుట్టి, శ్రీరంగం వెళ్ళి స్థిరపడి, 1977లో పద్మశ్రీ అందుకుని, 1999లో అక్కడే కన్నుమూసిన మహానుభావుడు. చిన్నప్పుడు మా నాన్న ఆయన సన్నాయి విని వచ్చి ఇంట్లో మాకు నోటితో పలికి చూపించేవాడు. అందుకే ఆగస్టులో ఒక సన్నాయి, డోలు జంట వచ్చినప్పుడు నాకు చేతులు వణికాయి. మైకు దగ్గర పెడితే పెట్టెలో స్థాయి పూర్తిగా తగ్గించినా శబ్దం పగులుతోంది. అప్పుడు తెలిసింది, పగిలేది పెట్టెలో కాదు, మైకులోనే. 7 అడుగుల దూరం జరిపి, వాద్యం నోటికి ఎదురుగా కాకుండా పక్కకి, వేళ్ళ రంధ్రాల వైపు తిప్పి పెడితే కానీ కుదరలేదు. డోలుకి రెండు వైపులా రెండు రకాల నాదం ఉంటుంది, నాకు మిగిలింది ఒకే మైకు. ఒక వైపు బాగా వచ్చింది, రెండో వైపు దూరంగా ఉండిపోయింది. ఈ పెట్టె హద్దు అదే. గొంతు, హార్మోనియం అంటే హాయిగా సరిపోతుంది. ఇద్దరు నటులు, తబలా, హార్మోనియం కలిసి రాయబారం సీను చెయ్యాలంటే నాలుగు మైకులు పట్టే పెట్టె కొనుక్కోండి.

డబ్బు సంగతి అడిగేవాళ్ళున్నారు కాబట్టి చెప్తాను. గంటకి 500 తీసుకుంటున్నాను. సంగీతం నేర్చుకునే పిల్లలు పోటీలకి పంపడానికి వస్తారు, పెళ్ళి పాటలు పాడించుకునేవాళ్ళు వస్తారు, కార్తీకం నుంచి ఇప్పటిదాకా అయ్యప్ప భజన బృందాలు వరసగా వచ్చాయి, మాల వేసుకున్న స్వాములతో గది కర్పూరం వాసన వేస్తోంది. నాటకాల పెద్దవాళ్ళ దగ్గర ఏమీ తీసుకోను, అది మొదటి రోజే అనుకున్నాను. డిసెంబరు మొదటి వారానికి పెట్టిన 45 వేల చిల్లర తిరిగి వచ్చింది. పైన 6 వేలు మిగిలింది. అందులో సగం పెట్టి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొన్నాను, ఎందుకంటే నేను రికార్డ్ చేసే నాణ్యతలో (48 కిలోహెర్ట్జ్, 24 బిట్) రెండు ట్రాకులు గంటకి దాదాపు 1 జీబీ అవుతాయి, పద్యాలన్నీ ఒక్క ల్యాప్‌టాప్‌లో ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు. ఈ ఏడాది 23 మంది నాటక కళాకారుల పద్యాలు చేరాయి. వాళ్ళలో ఇద్దరు వానాకాలంలో పోయారు. వాళ్ళ పిల్లలకి పెన్ డ్రైవ్‌లో వేసి నేనే వెళ్ళి ఇచ్చి వచ్చాను.

పెట్టెకి నా మార్కులు అయిదుకి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే దీంతో వచ్చే పుస్తకంలో, కంప్యూటర్ తెర మీద, ఎక్కడా తెలుగు లేదు. నా వయసు వాళ్ళు పక్కన ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టుకోకుండా మొదలుపెట్టలేరు.

సంక్రాంతి అయ్యాక ఆ సన్నాయి జంట మళ్ళీ వస్తామన్నారు. ఈసారి డోలుకి పెద్ద శబ్దాన్ని తట్టుకునే డైనమిక్ మైకు ఒకటి కొందామని ఉంది, 4 వేల లోపు. డోలు మీదో, మృదంగం మీదో అలాంటిది వాడి చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఏది బాగుంటుందో, ఎంత దూరంలో పెట్టారో కింద రాయండి, పండగ లోపు తెప్పించుకుంటాను.