రిచర్డ్ నాణెమా, ఎర్బెర్ నాణెమా: ముందుగా ఏది కొనడం మేలు?

మధ్యయుగ ఫ్రాన్స్ సామంతుల నాణేలు సేకరించాలనుకునేవారు చాలామంది ముందు రిచర్డ్ నాణెం కోసమే వెతుకుతారు. సింహహృదయుడని పేరుపడ్డ ఈ ఇంగ్లండ్ రాజు ఫ్రాన్స్‌లోని ప్వాతూ ప్రాంతానికీ ప్రభువు. అక్కడి దెనియే అనే నాణెం గ్రాము బరువుండే పలుచని బిళ్ల, రాగి కలిసిన వెండి. ఒకవైపు శిలువ చుట్టూ 'రికార్దుస్ రెక్స్', రెండోవైపు మూడు వరుసల్లో ప్వాతూ పేరు. ఇంగ్లండ్‌లో ఆయన ఏలిన పదేళ్లూ (1189–99) పెన్నీల మీద తండ్రి హెన్రీ పేరే సాగింది. కాబట్టి రిచర్డ్ పేరు చదవాలంటే ఫ్రాన్స్ నాణేలే దిక్కు. గిరాకీ అంతా అందుకే. ధరా ఎక్కువే, నకిలీల బెడదా ఎక్కువే.

ల మాన్ నగరపు దెనియే సంగతి వేరు. దాని నడుమ అల్లుకున్న అక్షరాలు ఎర్బెర్ అనే కౌంటు (ఆ ప్రాంతపు సామంత ప్రభువు) పేరులోనివి. ఆయన 1030ల్లోనే కన్నుమూశాడు. 1063లో నార్మన్లు వచ్చారు, తర్వాత పొరుగున ఉన్న ఆంజూ ప్రాంత ప్రభువులు, అంటే రిచర్డ్ వంశం వారు, వచ్చారు. నాణెం మాత్రం మారలేదు. రిచర్డ్ ఏలుబడిలోనూ ల మాన్ టంకశాల ఎర్బెర్ పేరునే ముద్రించింది! జనం నమ్మింది ప్రభువును కాదు, చేతికి అలవాటైన ఆ ముద్రను. అందులో వెండి మెండు. ఒక ల మాన్ దెనియే రెండు ఆంజూ దెనియేలకు సమానంగా చెల్లేది. అంతటి పరపతి ఉన్న ముద్రను ఏ ప్రభువు చెరిపేస్తాడు?

తూర్ పట్టణంలోని సెయింట్ మార్టిన్ మఠం దెనియే కూడా మంచిదే. 13వ శతాబ్ది ఆరంభంలో ఫ్రాన్స్ రాజు ఫిలిప్ అగస్టస్ ఆ ప్రాంతాన్ని గెలుచుకుని, దాని నమూనానే రాజనాణెంగా చేసుకున్నాడు. 1262లో ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ, తన నాణెం రాజ్యమంతటా చెల్లాలని, సామంతులవి వారి వారి గడ్డ దాటకూడదని శాసించాడు.

నా ఓటు ఎర్బెర్‌కే. సామంత యుగం ఎలా నడిచిందో ఆ చిన్న బిళ్ల చెప్పినంత సూటిగా రిచర్డ్ నాణెం చెప్పదు. పైగా తక్కువ ధరకే దొరుకుతుంది. కొనేటప్పుడు శిలువ వైపు తిప్పి, 'సిగ్నుమ్ దెయి వివి', అంటే సజీవ దైవపు చిహ్నం, అన్న అక్షరాలు పూర్తిగా పడ్డాయో లేదో చూడండి. రిచర్డ్ దెనియే తర్వాత కొనుక్కోవచ్చు. అప్పుడు దాని పక్కన ఎర్బెర్ దెనియేను, హెన్రీ పేరున్న ఆనాటి ఇంగ్లండ్ పెన్నీని పెట్టుకోండి: ఏలింది ఒకే మనిషి, పేర్లు మూడు.