9420 మీద గ్రీసు పాటలు: ఏళ్ల తరబడి విన్నాక

దూరదేశాల స్టేషన్లు పట్టే షార్ట్‌వేవ్ రేడియోలో ఇంకా ఏముందయ్యా అనేవాళ్లకు నా జవాబు ఒక్కటే, 9420 కిలోహెర్ట్జ్. గ్రీసు ప్రభుత్వ రేడియో ఈఆర్‌టీ, పరాయి దేశాల్లో ఉన్న తమవాళ్ల కోసం, ఓడల మీద పనిచేసేవాళ్ల కోసం నడిపే 'వాయిస్ ఆఫ్ గ్రీస్' అక్కడ దొరుకుతుంది. నాకు గ్రీకు ముక్క రాదు. అయినా వదల్లేకపోవడానికి కారణం, బాగా పొద్దుపోయాక పాట మీద పాట వేస్తారు, మధ్యలో మాట్లాడరు. మన ఎఫ్‌ఎంలలో చరణం అయ్యేలోపే యాంకర్ నవ్వు దూరుతుంది. ఇక్కడ బుజుకీ అనే గ్రీకు తీగవాద్యం మోత పూర్తిగా ఆగాకే రెండో పాట.

మా మేనమామ మృదంగం వాయిస్తారు. ఈ రేడియో అంటే ఆయనకు చిరాకు. "ఏమర్థమవుతుందిరా నీకు?" అనేవారు. ఒక రాత్రి డాబా మీద పడుకుని ఉండగా క్లారినెట్‌తో హుషారైన పాట ఒకటి మొదలైంది. కాసేపటికి చూస్తే ఆయన వేళ్లు మంచంపట్టె మీద ఆడుతున్నాయి. తకిట తకధిమి, తకిట తకధిమి. "ఇది మిశ్రచాపురా!" అంటూ లేచి కూర్చున్నారు. నిజమే, మిశ్రచాపు ఏడు దెబ్బల తాళం. పెళ్లిళ్లలో, ఊరి పండగల్లో చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడే కలమత్యానోస్ అనే గ్రీకు నృత్యానికీ ఏడే దెబ్బలు, మూడు, రెండు, రెండు. ఇంతలో సిగ్నల్ పడిపోయి పాట హోరులో కలిసిపోయింది. ఆయన మాత్రం ఆపలేదు. పాట మళ్లీ పైకి తేలేసరికి ఆయన దెబ్బ సరిగ్గా సమం మీద, అంటే తాళం మొదలయ్యే చోట, పడింది! ఆ తర్వాత నిదానంగా జైబేకికో అనే మరో రకం గ్రీకు నృత్యపాట వచ్చింది, తొమ్మిది దెబ్బలది. మన తొమ్మిది దెబ్బల సంకీర్ణం వేసి చూశారు, అంకెలు కుదిరినా ఊపు కుదరలేదు.

అప్పటినుంచి నేనూ కాస్త చదివాను. 1922లో ఆసియా మైనర్ (ఇప్పటి టర్కీ) నుంచి వచ్చిపడ్డ శరణార్థులు ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవు వాడల్లో పాడుకున్న, రెంబేతికో అనే పాటలను 1936 తర్వాత గ్రీసు నియంత మెటాక్సస్ ప్రభుత్వం సెన్సార్ చేసింది. ఇప్పుడు వాటినే సర్కారు రేడియో ప్రపంచానికి వినిపిస్తోంది. 2017లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలోనూ చేరాయి. నవ్వొస్తుంది నాకు.

మాట్లాడరు అన్నాను గానీ, అది పొద్దుపోయాక సంగతే. అంతకుముందు కబుర్లుంటాయి, ఫుట్‌బాల్ ఉన్న రోజు కామెంటరీ. పైగా మాట్లాడకపోతే పాట పేరు కూడా తెలియదు. మావయ్య తాళం వేసిన ఆ పాట ఏదో నాకు ఇవాళ్టికీ తెలియదు. పూర్తి భరోసా కూడా పెట్టుకోలేం. 2013 జూన్ 11న అక్కడి ప్రభుత్వం ఈఆర్‌టీనే మూసేసింది, మళ్లీ తెరిచింది 2015లో.

నాకు డాబా ఉంది, ఏరియల్‌గా కొబ్బరిచెట్టుకు కట్టిన వైరు ఉంది, మెట్ల దగ్గరి ఎల్‌ఈడీ బల్బు ఆర్పితే గురగుర పోతుంది. అపార్ట్‌మెంట్‌లో ఉండే మా తమ్ముడికి ఏమీ దొరకలేదు. వాడు నెట్‌లో వింటున్నాడు, శుభ్రంగా వస్తోందట. దీనికోసం కొత్త సెట్టు కొనమని చెప్పను. అటక మీద పాతది ఉంటే మాత్రం చలికాలంలో, పన్నెండు దాటాక, ఓసారి తిప్పి చూడండి. అప్పటికి ఏథెన్స్‌లో ఎనిమిదిన్నరే అవుతుంది కాబట్టి పాటలకు ఇంకాస్త మేలుకోవాల్సి రావచ్చు. పొద్దున్నే డ్యూటీ ఉన్నవాళ్లకు కుదిరే పని కాదు.