ఎన్‌వీడీఏతో తొమ్మిదేళ్ల బోధన: ఒక శిక్షకుడి సమీక్ష

నాకు పుట్టుకతోనే చూపు లేదు. నేను కంప్యూటర్ నేర్చుకున్న రోజుల్లో తెర మీది మాటలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అయిన స్క్రీన్ రీడర్‌ను కొనే స్తోమత మా ఇంట్లో లేకపోవడంతో ఒక ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉచిత నమూనాపైనే సాధన చేసేవాడిని. 40 నిమిషాలు నిండగానే అది మూగబోయేది. మళ్లీ మాట్లాడించాలంటే కంప్యూటర్‌ను ఆపి మొదటి నుంచి తెరవవలసి వచ్చేది. అందుకే నేను శిక్షకుడిగా కుదురుకున్నాక, పైసా ఖర్చు లేకుండా దొరికే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏను తప్ప మరొకదాన్ని మా పిల్లల చేతికి ఇవ్వలేదు. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ 2006లో దీన్ని రాయడం మొదలుపెట్టారు. ఆయనకూ చూపు లేదు. దీన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకొని ఏ కంప్యూటర్‌కు తగిలించినా, అందులో ఇన్‌స్టాల్ చేయకుండానే పనిచేస్తుంది. ఊళ్లో నెట్ సెంటర్ మీద ఆధారపడే విద్యార్థికి ఇది ఎంత ఊరటో నాకు తెలుసు.

మొదటి వారమంతా ఇన్సర్ట్ కీతో 1 నొక్కి వచ్చే సహాయ స్థితిలోనే గడుపుతాం. ఆ స్థితిలో ఏ కీ నొక్కినా దాని పేరు వినిపిస్తుందే తప్ప కంప్యూటర్‌లో ఏ పనీ జరగదు కనుక, ఏదో చెడగొట్టేస్తామన్న భయం లేకుండా ఎఫ్, జె కీల మీది చిన్న గీతల ఆధారంగా పిల్లలు కీబోర్డంతా తడిమి చూసుకుంటారు. ఆ తర్వాత నేర్పేది కంట్రోల్ కీతో మాటను ఆపడం. గడగడా మాట్లాడుతున్న యంత్రాన్ని తానే ఆపగలనని తెలిసిన పిల్లవాడు ధైర్యంగా కూర్చుంటాడు. హెడ్‌ఫోన్‌ను ఒక చెవికే పెట్టుకోమంటాను, ఎందుకంటే రెండో చెవికి నా మాట వినిపించాలి.

బోధనలో నేను చేసిన పెద్ద పొరపాటు షార్ట్‌కట్లను ఎక్కాల్లా వల్లె వేయించడం. ఒక అమ్మాయి అరవైకి పైగా షార్ట్‌కట్లను తడుముకోకుండా అప్పజెప్పేది. ఒకరోజు ఫైలును సేవ్ చేస్తుండగా, అదే పేరుతో మరో ఫైలు ఉందని ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. ఆ అమ్మాయి అది వినిపించుకోకుండా తనకు తెలిసిన కీలన్నీ వరుసగా నొక్కి, చివరికి "సార్, నేను ఎక్కడున్నానో తెలియడం లేదు" అంది. 'నేను ఎక్కడున్నాను?' అని అడగడమే నేను మొదట నేర్పవలసిందని నాకు అప్పుడు అర్థమైంది. అప్పటి నుంచి ప్రతి తరగతిలో పిల్లలు ఏ పని మధ్యలో ఉన్నా ఆపి, "ఎక్కడున్నావు?" అని అడుగుతాను. ఇన్సర్ట్‌తో టి నొక్కి కిటికీ పేరు, ఇన్సర్ట్‌తో ట్యాబ్ నొక్కి ఫోకస్ ఉన్న చోటు, అంటే నొక్కే కీ పనిచేసే చోటు, తెలుసుకొని చెప్పాలి. చూపున్నవారు ఒక్క చూపులో పట్టేసే దాన్ని మనం అడిగి తెలుసుకోవాలి. అడిగితే ఎన్‌వీడీఏ తడబడకుండా జవాబు చెబుతుంది.

వెబ్ పేజీల దగ్గర పిల్లలు ఎక్కువగా తికమకపడేది బ్రౌజ్ మోడ్, ఫోకస్ మోడ్‌ల విషయంలో. మొదటిది పేజీని చదువుతూ తిరగడానికి, రెండోది గడిలో టైపు చేయడానికి. బ్రౌజ్ మోడ్‌లో హెచ్ నొక్కితే తర్వాతి శీర్షికకు, కె నొక్కితే లింకుకు, ఎఫ్ నొక్కితే ఫారంలోని గడికి వెళ్తాం. పొడవైన పేజీని శీర్షికల మీదుగా దాటడం తెలిసిన రోజున పిల్లల ముఖాల్లోని సంతోషం వారి గొంతులో వినిపిస్తుంది. అయితే గడిలోకి వచ్చాక మోడ్ మార్చడం మరిచిపోయి 'రవి' అని ఇంగ్లీషులో టైపు చేయబోతే, ఆర్‌కు రేడియో బటన్‌ను, వి అక్షరానికి ఇంతకుముందు చూసిన లింకును వెతుకుతూ ఫోకస్ ఎక్కడికో పోతుంది. మోడ్ మారేటప్పుడు వచ్చే చిన్న చప్పుడును చెవి పట్టుకునే వరకు, కనీసం రెండు వారాలు, ఇదొక్కటే సాధన చేయిస్తాను.

ఎక్సెల్ కోసం నేను వాడే పరికరం 30 గుడ్లు పట్టే అట్ట. అడ్డవరుసలకు అంకెలు, నిలువు వరుసలకు ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకొని, నేను 'బి 3' అనగానే ఆ గుంటలో చింతగింజ వేయాలి. నాలుగు రోజులు ఇలా ఆడాక కంప్యూటర్ దగ్గర కూర్చోబెడితే, బాణం కీ నొక్కినప్పుడల్లా ఎన్‌వీడీఏ పలికే గడి చిరునామా వారికి వేళ్ల కింద గుంటలా తగులుతుంది.

తెలుగు విషయానికి వస్తే, దీనితో పాటు వచ్చే ఈస్పీక్ అనే, రాతను మాటగా పలికే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు స్వరం ఉంది. అది యాంత్రికంగా ఉంటుంది, పెద్ద వాక్యాలను ఊపిరి తీసుకోకుండా ఒకే తీరులో చదువుకుపోతుంది. కథ వినడానికి నేను దాన్ని సిఫారసు చేయను. కానీ అక్షరం అక్షరం విని రాయడానికి మాత్రం అది చాలు. టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరికను నేర్పుతాను. అందులో అచ్చులు దాదాపు అన్నీ ఎడమ చేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడి చేతి వైపు ఉంటాయి. డి కీని షిఫ్ట్‌తో నొక్కితే 'అ', విడిగా నొక్కితే పొల్లు వస్తుంది. 'అక్క' అని రాయాలంటే షిఫ్ట్ డి, కె, డి, కె. 'క'కు కింద మరో 'క' ఎలా చేరుతుందో బ్రెయిల్‌లో చుక్కల వరుసగానే ఎరిగిన పిల్లవాడు ఇక్కడ దాన్ని వేళ్లతో కడతాడు. తాను రాసిన మాట మీద నంబర్ ప్యాడ్‌లోని 5ను రెండుసార్లు నొక్కి అక్షరక్రమం వింటాడు. ఒత్తులు, దీర్ఘాల తప్పులను నేను దిద్దకుండా తామే పట్టుకోవడం ఈ పద్ధతి వల్లే సాధ్యమైంది.

స్క్రీన్ రీడర్ చేతిలో లేని ఇబ్బందులూ ఉన్నాయి, అవి నన్ను నిజంగా బాధిస్తాయి. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్‌లో కాక, అచ్చు పనికి వాడే పాత డీటీపీ ఫాంట్లలో చేసిన తెలుగు పాఠాలు తెరమీద చక్కగా కనిపిస్తాయట. మాకు మాత్రం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగా వినిపిస్తాయి. కాగితాన్ని ఫొటో తీసి పెట్టిన పీడీఎఫ్‌లో అదీ వినిపించదు. రెండేళ్ల కిందట మా విద్యార్థి ఒకడు ఉద్యోగ దరఖాస్తులో 40కి పైగా గడులను తానొక్కడే నింపాడు. చివర్లో బొమ్మలోని అక్షరాలు టైపు చేయమన్నారు, వినిపించే ప్రత్యామ్నాయం ఇవ్వలేదు. పక్కింటి వాళ్ల సాయం కోసం వెళ్లి వచ్చేలోగా గడువు సమయం ముగిసి, నింపినదంతా పోయింది. అతడు మళ్లీ మొదటి నుంచి నింపాడు. ఆ రెండోసారి అతడికి పట్టిన సమయం సగం కూడా లేదు.

చూపున్న ఉపాధ్యాయులు నేర్పబోతే రెండు మాటలు చెబుతాను. ఎన్‌వీడీఏ మెనూలోని టూల్స్‌లో స్పీచ్ వ్యూయర్ తెరిస్తే విద్యార్థి వింటున్న మాటలు మీకు తెరమీద కనిపిస్తాయి. మౌస్‌ను మాత్రం తరగతి గది బయట పెట్టి రండి.